నాలుగేళ్లుగా జపాన్ స్కైలైన్ నడుపుతున్నా: రూల్స్ ఒకెత్తు, పెట్రోల్ ఇంకో ఎత్తు

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటా. నా బండి 1996 నిస్సాన్ స్కైలైన్ ఆర్33 జీటీఎస్-టీ, 2.5 లీటర్ టర్బో, మాన్యువల్. 2021లో జపాన్ నుంచి తెప్పించా. కలిసిన ప్రతివాడూ 25 ఏళ్ల రూల్ గురించే అడుగుతాడు, పెట్రోల్ గురించి ఒక్కడూ అడగడు, నాకు చేతి చమురు వదిలింది మాత్రం అక్కడే.

రూల్ సంగతి చెప్పేస్తా. అమెరికా సేఫ్టీ రూల్స్ నుంచి మినహాయింపు కావాలంటే బండి తయారై 25 ఏళ్లు నిండాలి, మోడల్ ఇయర్ కాదు, తయారైన నెల లెక్క. ఎమిషన్స్‌కి 21 ఏళ్లు చాలు కానీ ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి. ఏజెంట్ ఏమో నెలా రెండు నెలలు తక్కువైతే ఎవడు చూస్తాడు ఓడ ఎక్కించేద్దాం అన్నాడు, నేను ఒప్పుకోలా, జపాన్‌లోనే యార్డులో రెండు నెలలు అద్దె కట్టి ఆపించా. డ్యూటీ అప్పట్లో కారుకి 2.5 శాతం. మా ఫ్రెండ్ ఒకడు బుల్లి సుజుకీ క్యారీ ట్రక్కు తెప్పిద్దామని తెగ ఉత్సాహపడి, ట్రక్కులకి 25 శాతం అని తెలిసి చల్లబడ్డాడు. ఇన్సూరెన్స్ ఇంకో గోల, చాసిస్ నంబర్ ఈసీఆర్33తో మొదలై పొట్టిగా ఉంటుంది, వెబ్‌సైట్ ఏమో 17 అక్షరాలు లేనిదే ముందుకి పోనివ్వదు, చివరికి ఫోన్లో గంటన్నర కూర్చుంటే పనైంది.

ఇక పెట్రోల్. ఈ ఇంజిన్ జపాన్‌లో ప్రీమియం తాగి పెరిగింది, అక్కడ హై ఆక్టేన్ (ఇంజిన్‌లో వేళకి ముందే అంటుకోని పెట్రోల్) అంటే దాదాపు 100, కానీ అది ఆర్ఓఎన్ అనే కొలత లెక్క. ఇక్కడ బంకులో పసుపు స్టిక్కర్ మీదుండే అంకె ఆ ఆర్ఓఎన్‌కీ ఇంకో లెక్కకీ సగటు, అందుకే తక్కువ కనిపిస్తుంది. అంటే మన టెక్సస్ 93 దాదాపు 98 ఆర్ఓఎన్ కింద లెక్క, టర్బో బూస్ట్ (గాలి ఒత్తిడి) పెంచకుండా ఉంటే నాకు ఏ ఇబ్బందీ రాలా. కొలరాడో వెళ్లినప్పుడు 91 మించి దొరకలేదు, ఘాట్ ఎక్కేటప్పుడు పుల్ తగ్గినట్టు తెలిసిపోయింది, ఎత్తు వల్ల కొంత, పెట్రోల్ వల్ల కొంత అనుకుంటా.

అసలు దెబ్బ ఇథనాల్‌ది. ఇక్కడ దాదాపు ప్రతి బంకులోనూ 10 శాతం కలిపిందే, 90ల నాటి జపాన్ రబ్బరు దాన్ని చూసి పుట్టింది కాదు. రెండో ఏడు ఎండాకాలం ఒక పొద్దున గరాజ్ తలుపు తీస్తే గుప్పున పెట్రోల్ వాసన. కిందికి దూరి చూస్తే రిటర్న్ పైపు (మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి తిప్పి పంపేది) వంకాయ వరుగులా ముడతలు పడి ఉంది, వేలితో వంచగానే పగుళ్లలోంచి చెమ్మ. అదే రోజు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే ఇంజెక్షన్ హోస్‌తో మార్పించా, ఫిల్టర్ కోసి చూస్తే లోపల తుప్పు రంగు బురద. తెచ్చుకునేవాళ్లు బండి దిగిన వారమే ఈ పని చేయించేయండి, రిమ్ములు తర్వాత కొనుక్కోవచ్చు. ట్యాంకులో పెట్రోల్‌తో బండిని నెలల తరబడి నడపకుండా పెట్టొద్దు కూడా, ఇథనాల్ తేమని లాగుతుంది.

నడపడం మాత్రం మహా సుఖం. విజయవాడలో మారుతి 800 మీద నేర్చుకున్న చేతికి కుడి సీటు, కుడి పక్క ఇండికేటర్ పుట్టింటికొచ్చినట్టే ఉంది, ఆఫీసు కారెక్కినప్పుడే మలుపులో వైపర్లు ఊపుతున్నా. నాన్న ఇండియాకి తెచ్చేయరా అంటారు, అక్కడ పాత కారు దిగుమతికి 3 ఏళ్లు దాటకూడదని చెప్తే నమ్మరు.

ఈ మధ్య ట్యాంకులో పంపు కూత పెడుతోంది. కొత్తది ఆర్డర్ పెట్టా, వచ్చే శనివారం విప్పాలి.