వరద నష్టానికి అప్పా, గ్రాంటా?

2022 వరదల్లో పాకిస్థాన్‌లో 1,700 మందికి పైగా చనిపోయారు. దాదాపు 3.3 కోట్ల మంది దెబ్బతిన్నారు. భూమిని వేడెక్కించే ప్రపంచ కర్బన ఉద్గారాల్లో ఆ దేశం వాటా ఒక శాతం లోపే. మరుసటి జనవరిలో ఆ దేశానికి సాయం కోసం జరిగిన జెనీవా సదస్సులో 900 కోట్ల డాలర్లకు పైగా హామీలొచ్చాయి. తీరా చూస్తే అందులో ఎక్కువ భాగం అప్పే, తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు కాదు.

అప్పుతో సుఖం ఏంటంటే, పెద్ద మొత్తం దొరుకుతుంది. సోలార్ ప్లాంటు కడితే కరెంటు అమ్మి వాయిదాలు కట్టొచ్చు. కానీ కొట్టుకుపోయిన బడిని మళ్లీ కడితే ఆదాయం ఎక్కడిది? 2019లో ఇదాయ్ తుపాను బెయిరా నగరాన్ని ముంచేశాక ఆఫ్రికా దేశం మొజాంబిక్‌కు ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) ఇచ్చిన సుమారు 11.8 కోట్ల డాలర్లూ అప్పే. వడ్డీ లేదు, నిజమే. అసలు మాత్రం కట్టాల్సిందే. అప్పటికే పీకల్లోతు అప్పుల్లో ఉన్న దేశమది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే.

గ్రాంటుకు ఆ బాధ లేదు. దాని చిక్కల్లా చేతికి రావడమే. 2023 దుబాయ్ వాతావరణ సదస్సులో, వాతావరణ మార్పుతో నష్టపోయే పేద దేశాలను ఆదుకునే లాస్ అండ్ డ్యామేజ్ నిధికి వచ్చిన హామీలు 70 కోట్ల డాలర్ల చుట్టుపక్కలే. పాకిస్థాన్ ఒక్కదాని పునర్నిర్మాణ అంచనాయే 1,630 కోట్ల డాలర్లు!

నన్నడిగితే కరెంటు ప్లాంట్లకు అప్పు, వరద నష్టానికి గ్రాంటు. అప్పు తప్పనిసరైతే కరీబియన్ దీవి దేశం బార్బడోస్ తన బాండ్లలో (అప్పు పత్రాల్లో) పెట్టినటువంటి షరతు ఉండాలి: పెద్ద విపత్తు వస్తే రెండేళ్ల దాకా వాయిదాలు ఆపుకోవచ్చు.