మాంటాగ్‌ని మార్చింది ఒక్క క్లారిస్సేనా? ‘ఫారెన్‌హీట్ 451’ చదివాక

విజయవాడ లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపులో దొరికిందీ కాపీ. అట్ట అంచులు నలిగాయి, పేజీలు పసుపెక్కాయి, కానీ ఒక్క కాగితం కూడా ఊడలేదు. ముందు కొనుక్కున్నవాళ్లెవరో మొదటి భాగమంతా పెన్సిల్‌తో గీతలు గీసి, రెండో భాగం మొదలవగానే ఆపేశారు. “తీసుకోండి సార్, చిన్న పుస్తకమే, రెండు పూటల్లో అయిపోద్ది” అన్నాడు షాపాయన. సైజు చిన్నదే గానీ రెండు పూటల్లో అయ్యేది కాదు, ఎందుకంటే మధ్యమధ్యలో పుస్తకం మూసేసి కాసేపు ఆలోచించుకోవాల్సి వస్తుంది.

రే బ్రాడ్‌బరీ 1953లో తెచ్చిన నవల ఇది. ఇందులో ఇంట్లో పుస్తకం ఉంటే నేరం. ఫైర్‌మెన్ మంటలు ఆర్పరు, కిరోసిన్ పోసి పుస్తకాలు తగలబెడతారు. గై మాంటాగ్‌కి ముప్పై ఏళ్లు, ఆ ఉద్యోగం ఇష్టపడి చేస్తుంటాడు. అలాంటివాడు చివరికి పుస్తకాల కోసం ఊరు వదిలి పారిపోతాడు. ఎవరి వల్ల మారాడు అంటే అందరూ టక్కున క్లారిస్ పేరు చెప్తారు. నాకు ఆ జవాబు చాలదు.

పక్కింటి పదిహేడేళ్ల క్లారిస్ అతనికి ఏమీ బోధించదు, ప్రశ్నలు అడుగుతుందంతే. వెనకటికి ఫైర్‌మెన్ మంటలు ఆర్పేవాళ్లటగా, నిజమేనా అంటుంది. నువ్వు సంతోషంగా ఉన్నావా అని అడిగేసి లోపలికి వెళ్లిపోతుంది. ఆ ప్రశ్న ఊరికే గాలికి పోయేదే, అదే రాత్రి ఇంట్లో భార్య మిల్డ్రెడ్ నిద్రమాత్రలు మింగి పడి ఉండకపోతే. వచ్చినవాళ్లు డాక్టర్లు కూడా కాదు, మెషిన్ పట్టుకుని వచ్చిన ఇద్దరు మనుషులు. సిగరెట్ కాలుస్తూ ఆమె రక్తం మార్చేసి, ఇలాంటి కేసులు రాత్రికి తొమ్మిదో పదో వస్తాయని చెప్పి వెళ్లిపోతారు. తెల్లారేసరికి ఆమెకి ఏమీ గుర్తుండదు. మనం మొదట ఎక్కడ కలిశాం అని అడిగితే ఇద్దరికీ జ్ఞాపకం రాదు. చెవిలో ఎప్పుడూ రేడియో, మూడు గోడలకీ టీవీ, నాలుగో గోడకి కూడా కావాలని గోల. క్లారిస్ అడిగిన ప్రశ్నకి జవాబు మిల్డ్రెడ్ పక్కన పడుకున్నాకే అతనికి తెలిసింది. దగ్గరి మనుషులు దూరమై కూడా మనల్ని మార్చేస్తారు, ఆ సంగతి రచయిత బాగా పట్టుకున్నాడు.

అసలు మలుపు మాత్రం ఇంట్లో పుస్తకాలు దాచుకున్న ఒక ముసలామె. ఇల్లంతా కిరోసిన్ పోశారు, బయటికి రమ్మంటే రాదు, చేతిలో ఒక మామూలు వంటింటి అగ్గిపుల్ల. తనే గీసుకుంటుంది. మర్నాడు మాంటాగ్‌కి జ్వరం, డ్యూటీకి వెళ్లలేడు. కాలుతున్న ఇంట్లో ఒక మనిషి ఉండిపోయిందంటే ఆ పుస్తకాల్లో ఏదో ఉండే ఉండాలి కదా అంటాడు భార్యతో. ఆమె అతనికి పేరైనా చెప్పలేదు, అయినా అతన్ని అంతగా కదిలించినవాళ్లు ఈ కథలో ఇంకెవరూ లేరని నా నమ్మకం.

ఇక మాంటాగ్ పై అధికారి కెప్టెన్ బీటీ. ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని, పుస్తకాలు పోవడం ముందు ప్రభుత్వం వల్ల కాదు, జనమే చదవడం మానేశారు అని పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. అందరికంటే ఎక్కువ చదివినవాడు అతనే, పేజీలకి పేజీలు అప్పజెప్తాడు. ఇంత చదివినవాడు ఇంతగా ఎందుకు భయపడుతున్నాడు అన్న అనుమానమే మాంటాగ్‌ని ఇంకో అడుగు ముందుకి తోస్తుంది. మార్పు మంచివాళ్ల వల్లే వస్తుందనుకుంటాం గానీ, ఇక్కడ బీటీ వాటా తక్కువేం కాదు.

నాకు బాగా నచ్చిన చోటు ఫేబర్‌తో మాట్లాడే ఘట్టం. రిటైరైన ఇంగ్లీష్ ప్రొఫెసర్ ఆయన, మాంటాగ్ చెవిలో చిన్న రేడియో పెట్టి దూరం నుంచి దారి చెప్తుంటాడు. అప్పుడు మాంటాగ్ అడుగుతాడు: ఇంతకుముందు వాళ్లు చెప్పినట్టు చేశాను, ఇప్పుడు మీరు చెప్పినట్టు చేస్తున్నాను, నా అంతట నేను ఆలోచించేది ఎప్పుడు? ఈ మాట అన్నావంటే అప్పుడే మొదలెట్టినట్టే అంటాడు ఫేబర్. నవల మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. అవతలివాళ్ల ప్రభావం మంచిదే అయినా, అది ఎప్పుడు మన సొంతం అవుతుందో ఈ రెండు మాటల్లో తేల్చేశాడు. ఆఖరి పేజీల్లో మాంటాగ్ నడక మొదలెడితే, ఊరి బయట కలిసిన మిగతావాళ్లు అతని వెనక వస్తారు, ఎవరూ అతన్ని నాయకుడని పిలవకుండానే.

లోపాలూ ఉన్నాయి. క్లారిస్‌ని సగంలోనే కారు గుద్దేసిందట అని తేల్చేయడం నాకు అస్సలు మింగుడు పడలేదు. 1966 సినిమాలో ఆమెని బతికించారు, తర్వాత బ్రాడ్‌బరీ కూడా నాటకంగా రాసుకున్నప్పుడు బతికించాడు. మిల్డ్రెడ్‌కి అన్యాయం జరిగింది. చావు దాకా వెళ్లొచ్చిన మనిషి లోపల ఏముందో ఒక్క పేజీ రాయాల్సింది. మాంటాగ్ మారడానికి పనికొచ్చేంత వరకే ఆడవాళ్లు కనిపిస్తారు ఇందులో.

ఈ నవల పుట్టిందే ఒక లైబ్రరీలో. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ లైబ్రరీ కింది అంతస్తులో, అరగంటకి పది సెంట్ల అద్దె టైప్‌రైటర్ మీద కొట్టాడు, మొదటి ప్రతికి 9 డాలర్ల 80 సెంట్లు అయ్యాయి. 1911 నుంచి రామ్మోహన్ గ్రంథాలయం ఉన్న ఊరివాళ్లం మనం, 1914లో గ్రంథాలయ ఉద్యమం మొదటి మహాసభ పెట్టుకున్న ఊరు. ఈ సంగతి చదివితే మనకి కొంచెం ఎక్కువే తగులుతుంది.

కొనేవాళ్లకి ఒక మాట. 1967లో స్కూళ్ల కోసమని రచయితకి చెప్పకుండా మాటలు మార్చేసి ఒక ఎడిషన్ వేశారు, 1979లో ఆయనకి తెలిసి గొడవ చేశాకే అసలు పాఠం మళ్లీ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ముద్రణ సంవత్సరం చూసుకుని, 1980 తర్వాతది తీసుకోండి. మొదటి ఇరవై పేజీల్లో ఇంగ్లీష్ కాస్త కష్టంగా, ఉపమానాల మీద ఉపమానాలతో ఉంటుంది, టెన్షన్ పడొద్దు, ముసలామె ఇల్లు వచ్చే దాకా ఓపిక పట్టండి. డిగ్రీ పిల్లలకి తప్పకుండా ఇవ్వొచ్చు. అయిదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తాను, తగ్గించిన ఒకటి మిల్డ్రెడ్ కోసం.