ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ: చదివి, దాంతోనే ఉద్యోగం చేస్తున్నాక నా రివ్యూ

డిగ్రీలో ఇదే, ఎమ్మెస్సీలో ఇదే, ఇప్పుడు ఫార్మా కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో తిండి పెడుతున్నదీ ఇదే. సీపీగెట్ (తెలంగాణ పీజీ ఎంట్రన్స్) కౌన్సెలింగ్ రాగానే "అన్నా, మైక్రో తీసుకోవచ్చా" అని అడిగేవాళ్లందరికీ ఒకేసారి చెప్పేస్తున్నా: ల్యాబ్ నడిచే కాలేజీలో సీటొస్తే తీసుకోండి, లేదంటే వద్దు. సబ్జెక్టుకు 5కి 4 ఇస్తాను, నేను చదివిన ల్యాబ్‌కు 2.

థియరీ ఎక్కడున్నా చదువుకోవచ్చు. లాక్ ఓపెరాన్, క్రెబ్స్ సైకిల్ లాంటి పాఠాలు పుస్తకం ముందేసుకుని కూర్చుంటే వస్తాయి (ఇమ్యునాలజీ మాత్రం ఏడిపించి వస్తుంది). కానీ లూప్ (చివర చిన్న రింగున్న తీగ) ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, ప్లేట్ మూత కొంచెమే ఎత్తి, అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) చీరుకుపోకుండా స్ట్రీకింగ్ చేసి, అంటే దాని మీద లూప్‌తో గీతలు గీసి, మర్నాటికి విడివిడి కాలనీలు (బ్యాక్టీరియా గుంపుల చుక్కలు) తెప్పించడం వీడియోలు చూస్తే రాదు. బ్యాక్టీరియాకు రంగు వేసి రెండు రకాలుగా గుర్తుపట్టే గ్రామ్ స్టెయినింగ్ కూడా అంతే: క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్ అని వరస అందరూ వల్లిస్తారు, ఆల్కహాల్ కాస్త ఎక్కువసేపు ఉంటే ఊదాగా ఉండాల్సిన గ్రామ్ పాజిటివ్ కూడా పింక్‌గా కనబడుతుందన్నది సొంత స్లైడ్ మీద చూసినవాళ్లే మర్చిపోరు.

నేను ఎమ్మెస్సీ చేసిన ప్రైవేట్ కాలేజీలో ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పెద్ద కుక్కర్ లాంటిది) ఒక్కటే. దాని గ్యాస్కెట్ పోతే ఆ వారం ప్రాక్టికల్ కూడా పోయినట్టే. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, 15 నిమిషాలు అని పరీక్షలో రాశాం కానీ మా చేత్తో లోడ్ పెట్టింది తక్కువ. మీడియా (సూక్ష్మజీవులకు పెట్టే పోషక పదార్థం) ఖరీదని బ్యాచ్ మొత్తానికి ఒక డెమో ప్లేట్ చూపించి, రికార్డులో బొమ్మ వేసుకురమ్మనేవారు. బ్యాక్టీరియాను గుర్తుపట్టే ఐఎంవిక్ టెస్టులు, ఈఎంబీ అనే రకం అగార్ మీద ఆకుపచ్చగా లోహంలా మెరిసే ఈ. కోలై కాలనీలు మాత్రం ఎవరికి వాళ్లం చేసుకున్నాం, అదీ ల్యాబ్ అసిస్టెంట్ పుణ్యమే. ప్లేట్ చూసి కంటామినేషన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేవాడాయన.

ప్రాజెక్టు దగ్గర జాగ్రత్త. డబ్బు కడితే తయారు రిపోర్టు చేతిలో పెట్టే సెంటర్లున్నాయి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మట్టి నుంచి యాక్టినోమైసిటీస్ (ఒక రకం బ్యాక్టీరియా) వేరుచేయడం లాంటి అరిగిపోయిన టాపిక్ అయినా ఫర్వాలేదు, సొంతంగా చేయండి. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చిందీ మట్టిలోని ఆ జాతికే చెందిన స్ట్రెప్టోమైసిస్ నుంచే, అప్పుడు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనలు నడిపింది మన ఎల్లాప్రగడ సుబ్బారావు. ప్లేట్లు వాసన చూడకూడదు గానీ ఇవి బాగా పెరిగితే తొలకరి మట్టి వాసన దానంతటదే వస్తుంది, నాకు సబ్జెక్టు మీద ఇష్టం కలిగింది అక్కడే.

ఇక ఉద్యోగం. శామీర్‌పేట జీనోమ్ వ్యాలీ మొదలు హైదరాబాద్ చుట్టూ ఫార్మా, వ్యాక్సిన్ కంపెనీలున్నాయి కాబట్టి ఏదో ఒకటి దొరుకుతుంది, కాకపోతే మొదటి జీతం చూసి ఇంట్లోవాళ్లు బీటెక్ చేసిన పక్కింటబ్బాయిని గుర్తుచేస్తారు. పని ఎక్కువగా ఎన్విరాన్‌మెంటల్ మానిటరింగ్, అంటే మందు తయారయ్యే చోట సూక్ష్మజీవులున్నాయేమో చూడడం: స్టెరైల్ ఏరియాలో సెటిల్ ప్లేట్లు (గాలిలోంచి పడేవి పట్టే అగార్ ప్లేట్లు) 4 గంటల వరకు తెరిచి ఉంచడం, గాలి, నీటి శాంపిళ్లు, ఆపరేటర్ల ఫింగర్ డాబ్స్ (ప్లేట్ మీద వేళ్ల ముద్రలు), తర్వాత ఇంక్యుబేషన్ (వెచ్చగా ఉంచి పెరగనివ్వడం), కౌంటింగ్. అన్నిటికన్నా శుభ్రంగా ఉండాల్సిన గ్రేడ్ ఏ ఏరియా ప్లేట్ మీద ఒక్క కాలనీ కనబడినా ఇన్వెస్టిగేషనే, ఆ టెన్షన్ వేరు. మందులో సూక్ష్మజీవులేవీ లేవని చూసే స్టెరిలిటీ టెస్ట్ అయితే 14 రోజులు ఇంక్యుబేట్ చేయాలి. గౌనింగ్ చేసుకుని (ఒళ్లంతా కప్పే స్టెరైల్ డ్రెస్ వేసుకుని) లోపలికెళ్తే బయటకొచ్చేదాకా మంచినీళ్లు కూడా ఉండవు. పైగా పేజీలకు పేజీలు రాత, రాయనిది చేయనట్టే లెక్క. రోజూ కొత్త పని కావాలనేవాళ్లకు త్వరగానే విసుగొస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగం కోసమే పీజీ అనుకుంటే ఆగండి. ఇంటర్‌లో బాటనీ, జువాలజీ ఉన్నట్టు మైక్రోబయాలజీ ఉండదు, కాబట్టి జూనియర్ లెక్చరర్ పోస్టుల దారీ ఉండదు. డిగ్రీ లెక్చరర్ పోస్టులకు, పరిశోధనకు రాసే సీఎస్‌ఐఆర్ నెట్‌లోనూ విడిగా పేపర్ లేదు, లైఫ్ సైన్సెస్ కిందే రాయాలి, అంటే మొక్కల ఫిజియాలజీ, ఎకాలజీ కూడా నెత్తిన పడతాయి. హాస్పిటల్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు మెడికల్ కాలేజీల్లో ఉండే ఎమ్మెస్సీ మెడికల్ మైక్రోబయాలజీ చూసుకోండి, అది వేరే కోర్సు.

కాలేజీ చూడ్డానికి వెళ్తే ఆఫీసులో బ్రోచర్ అడక్కండి. ప్రాక్టికల్ ఉన్న రోజు వెళ్లి, ఈ నెలలో సొంతంగా ఎన్ని ప్లేట్లు పోశారని సెకండియర్ వాళ్లను అడగండి. ఇంక్యుబేటర్ తలుపు తీసి చూడనిస్తే ఇంకా మంచిది, లోపల నిన్నో మొన్నో తేదీ వేసిన ప్లేట్లుండాలి.