జాగ్రత్త: స్టెయిన్‌లెస్ పేరుతో పూత వేసిన ఇనుప హ్యాంగర్లు అంటగడుతున్నారు

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో బండలెక్కే వాళ్లలో చాలామంది సామాను ఒకే వ్యాపారి దగ్గర కొంటారు కనుక ఆయనకు పరిచయం అక్కరలేదు. ఎవరి గురించి రాస్తున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ‘304 గ్రేడు స్టెయిన్‌లెస్, 25 కిలోన్యూటన్ల బలం’ అని చెప్పి ఆయన మాకు అమ్మిన హ్యాంగర్లు (తాడు తగిలించేందుకు బోల్టుతో బండకు బిగించే లోహపు పట్టీలు) స్టెయిన్‌లెస్ కావు. అవి జింకు పూత పూసిన మామూలు ఇనుప పట్టీలు. ఆ సరుకు మీ దగ్గర ఉంటే ముందు దాన్ని పక్కన పెట్టి, తర్వాత మిగతాది చదవండి.

గుత్తి దారిలో, కోటకు దూరంగా, ఊరి పెద్దల అనుమతితో మేము కాలేజీ పిల్లలకు ఎక్కడం నేర్పే పెద్ద బండగుండు ఒకటి ఉంది. దాని నెత్తిన ఉన్న పాత యాంకర్లను, అంటే తాడు ఆనే బోల్టూ హ్యాంగరూ కలిసిన బిగింపులను, మార్చవలసి వచ్చింది. విదేశీ కంపెనీల హ్యాంగర్లు మా బోటి వాళ్లకు అందే ధరలో లేవు. వాటి ధరలో మూడో వంతుకే ఇస్తానని ఆయన నమూనాగా ఒకటి చేతిలో పెట్టాడు. దాని మీద తయారీదారు పేరు, ఈఎన్ 959 అన్న ప్రమాణ సంఖ్య, బలం, లోహపు గ్రేడు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. బండకు బిగించే యాంకర్లకు ఐరోపా వాళ్ల ప్రమాణం అదే. దాని ప్రకారం యాంకరు అడ్డంగా లాగితే 25 కిలోన్యూటన్లు, బయటికి పీకితే 15 కిలోన్యూటన్లు తట్టుకోవాలి. డబ్బు కట్టిన తర్వాత వచ్చిన పెట్టెలోని సరుకు మీద మాత్రం ‘304’, ‘25’ అన్న రెండు అంకెలు తప్ప మరే గుర్తూ లేదు. అడిగితే, కొత్త సరుకుకు అచ్చు మారిందనీ, లోహం మాత్రం అదేననీ సమాధానం ఇచ్చాడు.

అనంతపురం ఎంత ఎండిన సీమో మీకు చెప్పనక్కరలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, సముద్రపు ఉప్పుగాలి సోకని నేల. సముద్రతీరంలో ఇంకా మేలురకమైన 316 గ్రేడు స్టెయిన్‌లెస్ కూడా చాలక టైటానియం బోల్టులు పెట్టే చోట్లున్నాయి గాని, మన కొండలకు నిజమైన 304 ఏళ్ల తరబడి సరిపోతుంది. అలాంటి చోట మొదటి వానలు వెలిసేసరికే హ్యాంగర్ల కింద బండ మీద జేగురు రంగు చారలు దిగాయి. స్పానరుతో విప్పి చూస్తే, బోల్టు ఆనిన రంధ్రం చుట్టూ పూత పొక్కులు లేచి, గోటితో గీకగానే పొడిగా రాలింది. బోల్టు మాత్రం మెరుస్తూనే ఉంది, ఎందుకంటే అది నిజంగానే స్టెయిన్‌లెస్. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే నాసి లోహాన్ని తుప్పు మరింత వేగంగా తినేస్తుంది. ఇక్కడ జరిగింది అదే. తుప్పు కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టింది పట్టీని వంచిన చోటు. గుండ్రంగా తిప్పవలసిన ఆ వంపును మడత పెట్టినట్టు కోసుగా వంచారు, ఆ మడత వెలుపలి వైపు వెంట్రుక మందాన పగులు కనిపించింది. దాన్ని తలకిందులుగా పట్టుకుని వెలుతురులో తిప్పితే, ఆ పగులు పట్టీ అంచుదాకా సాగి ఉంది.

లేతు షాపుకు తీసుకుపోతే మేస్త్రి దాన్ని గ్రైండరుకు ఆనించాడు. పొడవాటి పసుపు రవ్వలు లేచి కొసల దగ్గర చీలిపోయాయి. ఆ తర్వాత 304 ముక్క ఒకటి పెట్టి చూపించాడు. ఆ రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉండి, చీలలేదు. అయస్కాంతం ఆ పట్టీకి అంతటా గట్టిగా అంటుకుంది. (మంచి 304ను వంచినా వంపు దగ్గర కాస్త అంటుకుంటుంది, అది తప్పు కాదు. అలాగని అసలు అంటుకోకపోవడం కూడా రుజువు కాదు, ఎందుకంటే చౌకరకం స్టెయిన్‌లెస్ అయిన 202 గ్రేడు కూడా దాదాపు అంటుకోదు.)

ఫొటోలన్నీ పంపి ఫోను చేశాను. మొదట తుప్పు కాదు, దుమ్ము అన్నాడు. పగులు సంగతి ఎత్తగానే స్వరం మారింది. “ఏమప్పా, ఎక్కే పిల్లోని బరువెంత? అరవై కిలోలు. ఆ పట్టీకి ట్రాక్టరు కట్టినా లాగుతాది. దీనికి ఇంత యాగీ చేస్తావేంది?” అన్నాడు. మరి 304 అని ఎందుకు చెప్పారని అడిగాను. దానికి ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, “మీరు 304 అడిగితిరి, 304 అని కొట్టించినాం. మీకు కావాల్సింది ఆ అంకెనే కదా” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయనకు తెలియక జరిగిన పొరపాటైతే, తయారు చేసినవాడు ఆయనను మోసం చేసి ఉంటే, నేను ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. ఆ అంకెను నమ్మి పిల్లలు తాడుకు వేలాడతారని తెలిసే, మామూలు ఇనుము మీద ఆయనే దాన్ని కొట్టించాడు. చివరికి, “అంత ప్రాణభయముంటే కొండలెక్కేది మానుకోండి” అని ఫోను పెట్టేశాడు. డబ్బు తిరిగి ఇచ్చే మాటే లేదు.

అరవై కిలోల లెక్క ఆయన మరెవరికైనా చెప్పకముందే అది ఎంత తప్పో చెప్పాలి. ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు 100 కిలోల బరువు. కదలకుండా వేలాడే మనిషి బరువు ఆ లెక్కన ఒక కిలోన్యూటన్ కూడా ఉండదు, నిజమే. కాని పడుతున్న మనిషిని తాడు ఆపినప్పుడు వచ్చే కుదుపు వేరు. ఒంటరిగా వాడే ఎక్కుడు తాడుకు 80 కిలోల బరువుతో చేసే ప్రామాణిక పరీక్షలో మొదటి కుదుపు 12 కిలోన్యూటన్ల దాకా ఉండవచ్చు. అది చాలా కఠినమైన పరీక్ష, రోజూ జరిగే చిన్న చిన్న పతనాల్లో అంత రాదు. అయినా పై యాంకరుకు తాడు రెండు వైపుల నుంచీ వేలాడుతుంది కనుక, మనిషికి తగిలే కుదుపు కన్నా దాని మీద పడే లాగుడే ఎక్కువ. అందుకే 25 కిలోన్యూటన్లు అన్న అంకె పెట్టారు. పగిలిన మడత ఎంత తట్టుకుంటుందో ఎవరూ చెప్పలేరు, అది పిల్లలతో తేల్చుకునే విషయం కాదు.

తక్కువ ధరకు అమ్మడం నేరమని నేను అనను. జింకు పూత హ్యాంగర్లు ప్రమాణాలకు తగ్గట్టు చేసినవీ దొరుకుతాయి, నాలుగు గోడల మధ్య, వాన తగలని చోట అవి చక్కగా పనికొస్తాయి. ఆయన వాటినే తెచ్చి, వాటినే చెప్పి అమ్మి ఉంటే మాకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు.

కొనేటప్పుడు ప్రతి హ్యాంగరు మీదా తయారీదారు పేరు, ఈఎన్ 959 లేదా యూఐఏఏ (అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య) గుర్తు, బలం ఉన్నాయో లేదో చూడండి. నమూనా చూసి డబ్బు కట్టకండి, వచ్చిన పెట్టె విప్పి చూసి కట్టండి. బోల్టూ హ్యాంగరూ ఒకే లోహమై ఉండాలి. గ్రేడు మీద అనుమానముంటే స్టీలు వ్యాపారుల దగ్గర రంగు మారే చుక్కల మందు ఉంటుంది, 304కూ 202కూ తేడా అందులో తెలిసిపోతుంది.

మా గుండు మీద బిగించినవి చాలావరకు విప్పేశాం. నట్టు పట్టేసి ఊడిరానివి పడమటి అంచున కొన్ని మిగిలాయి. వాటికి ఎర్ర రంగు పూశాం, కోసి తీసేదాకా ఎవరూ వాటికి తాడు కట్టవద్దు.