అనపకాయల కాలంలో రుచుల యాత్ర: తిరుపతి నుంచి చంద్రగిరి దాకా

గత జనవరిలో, సంక్రాంతికి ముందు వచ్చిన ఆదివారం నాడు, మా కళాశాలలో పనిచేసేవాళ్లం పిల్లలతో కలిపి పదకొండు మందిమి, తిరుపతిలో ఒక కుటుంబం నడుపుతున్న రుచుల నడకకూ దానితో జోడించిన వంట తరగతికీ వెళ్లివచ్చాము. ఉదయం ఆరున్నరకు గోవిందరాజస్వామి ఆలయం దగ్గర మొదలై, మధ్యాహ్నం మూడు గంటలకు చంద్రగిరి సమీపంలోని ఒక పల్లెటూరి ఇంట్లో భోజనంతో ముగిసే ఈ కార్యక్రమానికి పెద్దలకు 1,600 రూపాయలు, పన్నెండేళ్లలోపు పిల్లలకు 900 రూపాయలు తీసుకున్నారు. మాలో ఇద్దరు హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు, ఒకరిది శ్రీకాకుళం జిల్లా, మిగిలినవాళ్లం ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగాము. ఏళ్ల తరబడి తిరుపతిలో ఉంటూ కూడా కొండ మీది లడ్డూ తప్ప చిత్తూరు సీమ తిండి ఎలా ఉంటుందో ఎరగని సహోద్యోగులకు, మా ఇళ్లలో ఏం వండుకుంటామో చూపించాలన్నది నా కోరిక. ఉదయం పూట ఆ కోరిక సగం కూడా తీరలేదు. మధ్యాహ్నం మాత్రం నేను ఆశించినదానికంటే ఎక్కువగా తీరింది. ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ మధ్యాహ్నమే.

మొదట ఉదయం సంగతి చెబుతాను. బృందంలో పన్నెండు మందికి మించి ఉండరని ఫోనులో చెప్పారు. తీరా వెళ్లాక మరో తొమ్మిది మందిని మాతో కలిపి ఇరవై మందిని చేశారు. ఆలయం చుట్టుపక్కల వీధులు తెల్లవారకముందే యాత్రికులతో, ఆటోలతో, పూల బండ్లతో నిండిపోయి ఉంటాయి. అక్కడ ఇరవై మంది ఒకచోట నిలబడి ఒక మనిషి మాట వినడం జరిగే పని కాదు. ముందున్న ఆరేడుగురికి వినిపించిన మాట వెనుక ఉన్నవారికి చేరలేదు. రెండున్నర గంటల్లో ఆరు చోట్ల ఆపారు. ఒక్కొక్క చోట ఒక ముక్క రుచి చూసి కదలడమే తప్ప, ఆ పదార్థం ఎలా తయారవుతుందో అడిగే వ్యవధి దొరకలేదు. నేతి పొంగలి బాగుంది, ఎర్రకారం పూసిన దోసె బాగుంది, కాఫీ మరీ బాగుంది. అయితే ఆ మూడూ ఎవరి వెంటా నడవనక్కరలేకుండా మనంతట మనం వెళ్లి తినగలిగినవే.

నడకలో చెప్పిన మాటల్లో ఒకటి నన్ను ఇబ్బంది పెట్టింది. లడ్డూ ప్రసాదం వెయ్యేళ్లుగా మార్పు లేకుండా వస్తున్నదని, మాకు దారి చూపిన యువకుడు ఎంతో నమ్మకంగా చెప్పాడు. తిరుమల ఆలయ గోడల మీద విజయనగర కాలపు శాసనాలు స్వామివారి నైవేద్యాలను పేరుపేరునా చెబుతాయి. అప్పం, అతిరసం, సుఖియం, వడ వంటి పేర్లు వాటిలో కనిపిస్తాయి. ఇప్పుడు మనం ఎరిగిన లడ్డూ ఆ వరుసలో తర్వాత వచ్చి చేరినది. దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది 2009లో. పోటులో, అంటే ఆలయ వంటశాలలో, వాడే సరుకుల కొలతకు ‘దిట్టం’ అని పేరున్నదనీ, పోటులోకి బయటివారికి ప్రవేశం లేదనీ ఆ యువకుడు చెప్పినవి సరైన మాటలే. కానీ శాసనాల్లోని అతిరసమే మన ఇళ్లలో ఇదే సంక్రాంతికి పాకం పట్టి చేసే అత్తిరసమని ఒక్క వాక్యం చెప్పి ఉంటే, వింటున్నవారికి గుడి వంటకూ ఇంటి వంటకూ ఉన్న చుట్టరికం కళ్లకు కట్టేది. కోస్తావైపు దానినే అరిసె అంటారని మా శ్రీకాకుళం మిత్రుడు వెంటనే గుర్తుపట్టేవాడు. ఆ మాట చివరికి నేనే చెప్పవలసి వచ్చింది.

ఇక్కడి వంటలో అరవ వాసన ఎందుకు ఉన్నదన్న ప్రశ్నకు కూడా సరైన జవాబు రాలేదు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు తిరుపతి, చంద్రగిరి ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మదనపల్లె వైపు కడప జిల్లా నుంచి వచ్చి కలిసింది. కుప్పం, పలమనేరు కన్నడ సీమను ఆనుకొని ఉన్నాయి. మూడు భాషల వంటిళ్లు కలిసిన చోటు కాబట్టే ఒకే విస్తరిలో సాంబారూ, రాగి సంగటీ, ఓళిగా (బొబ్బట్టు) కలిసి కూర్చుంటాయి. తిరుపతి 2022లో వేరే జిల్లాకు కేంద్రమైనా వంటింటికి ఆ సరిహద్దు పట్టలేదు. రుచుల నడక పేరుతో డబ్బు తీసుకునేవారు ఇంతమాత్రం చెప్పగలగాలని నా అభిప్రాయం.

నడకలో నిజంగా విలువైన ఘట్టం చివరన కూరగాయల అంగడిలో వచ్చింది. మధ్యాహ్నం వండబోయే అనపకాయలను (సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయ) మా చేతనే ఎంపిక చేయించారు. గింజ నిండి ఉబ్బిన కాయను ఏరాలి. వేలితో రుద్దితే జిగురుగా తగిలి ఘాటైన వాసన రావాలి. మంచు తగిలిన కాయకే వాసన ఎక్కువని ఇక్కడి పెద్దలు అంటారు. ఈ కాయకు చలికాలమే కాలం. హైదరాబాదు నుంచి వచ్చిన మా సహోద్యోగిని కాయను ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు చూసి, పదేళ్లుగా ఈ అంగడిలో దీనిని దాటుకుంటూ పోయానని అన్నారు.

అక్కడి నుంచి చిన్న బస్సులో సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని చంద్రగిరి వైపు తీసుకువెళ్లారు. కోటను బస్సులోంచి చూపించి ముందుకు సాగిపోవడం సరైన నిర్ణయం, ఎందుకంటే కోటకు వేరే రోజు కావాలి. రెండో బృందం నడకతోనే వెనుదిరిగింది కాబట్టి వంట తరగతికి మేము పదకొండు మందిమే మిగిలాము. ఇంటి వెనుక రేకుల పందిరి, దాని కింద మూడు కట్టెల పొయ్యిలు, ఒక రుబ్బురోలు, ఒక రోలు, గోడవారన చాపలు ఉన్నాయి. నేర్పించినవారు ఆ ఇంటి అవ్వ, ఆమె కోడలు. కోడలు కొలతలు చెబుతుంది, అవ్వ చేతులు చూస్తుంది.

పితికిపప్పు ఎరగనివారి కోసం ఒక మాట. అనపకాయలు ఒలిచి, గింజలను కొన్ని గంటలపాటు నీళ్లలో నానబెట్టి, ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తోలు వేళ్లలో మిగిలి పప్పు జారి బయటపడుతుంది. పితకడం వల్ల వచ్చింది కాబట్టి పితికిపప్పు. కన్నడంలో దీనిని హితికిద బేళె అంటారు. నానడానికి సమయం కావాలి కాబట్టి ముందురోజు రాత్రే నానబెట్టిన గింజలను ఒక పెద్ద బేసినులో తెచ్చి మా మధ్య పెట్టారు. మేము అంగడిలో కొన్న కాయలను ఒలిచి మరుసటి రోజుకు నానవేశాము. ఆ బేసిను చుట్టూ పదకొండు మందిమి చాపల మీద కూర్చొని దాదాపు గంటసేపు పితికాము. మొదటి పది నిమిషాల్లో సగం గింజలు నలిగిపోయాయి, కొన్ని ఎగిరి పందిరి అవతల పడ్డాయి. అవ్వ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి వేలు ఎక్కడ పెట్టాలో పట్టి చూపించింది. “గట్టిగా నొక్కద్దు నాయనా, కొస పట్టుకొని అట్ల తోస్తే అదే వస్తాది” అని ఆమె చెప్పిన తర్వాత అందరికీ చేయి తిరిగింది. పిల్లలకు మాకంటే ముందే వచ్చింది.

ఆ గంటలో ఎవరూ ఫోను తీయలేదు. కళాశాలలో ఎదురుపడితే నమస్కారం తప్ప మాట లేని ఇద్దరు అధ్యాపకులు పక్కపక్కన కూర్చొని తమ తల్లుల వంటల గురించి మాట్లాడుకోవడం నేను విన్నాను. “పండగ ముందర ఇంటిల్లిపాదీ కూచోని పితికేవాళ్లం. ఒక్కరే పితికితే పొద్దు పోతాది గానీ పప్పు కాదు” అని అవ్వ అన్నది. బృందంగా చేయవలసిన వంటనే బృందానికి నేర్పించాలన్న ఆలోచన ఎవరిదో గానీ, ఈ కార్యక్రమం మొత్తానికీ అదే ప్రాణం. గతంలో మేము ఒక పెద్ద హోటలు ఏర్పాటు చేసిన తరగతికి వెళ్లాము. అక్కడ వంటమాస్టరు వండుతుంటే మేము కుర్చీల్లో కూర్చొని చూశాము, చివరికి తిని వచ్చాము. ఏం వండాడో ఇప్పుడు ఒక్కరికీ గుర్తు లేదు.

తర్వాత పనులు పంచారు. ఇద్దరు ధనియాలు, గసగసాలు, లవంగాలు, దాల్చినచెక్క వేయించి, కొబ్బరి, అల్లం, తెల్లగడ్డలతో (వెల్లుల్లి) కలిపి రుబ్బురోట్లో మసాలా రుబ్బారు. ఇద్దరు ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), వంకాయలు, ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు) తరిగారు. ఒకరు వేయించిన వేరుశెనగ గింజలు, ఎండుమిరప, చింతపండు, తెల్లగడ్డలతో రోట్లో ఊరిబిండి దంచారు. పితికిపప్పు త్వరగా ఉడికిపోతుంది. కాస్త ఏమరితే గింజ చెదిరి పులుసంతా ముద్దవుతుంది కనుక, కూరగాయలు సగం ఉడికిన తర్వాతే పప్పు వేయించారు.

సంగటి దగ్గర అందరం ఓడిపోయి మళ్లీ నేర్చుకున్నాము. నానబెట్టిన నూకలను ఎక్కువ నీళ్లతో మెత్తగా ఉడికించి, ఆ ఎసట్లో రాగిపిండిని కుప్పగా పోసి, కలపకుండా, మధ్యలో కట్టెతో ఒక గుంత చేసి మూత పెట్టాలి. సన్నని సెగ మీద పిండి మగ్గిన తర్వాతే గెలకాలి. తొందరపడి ముందే కలిపిన మా మొదటి వాయిలో ఉండలు కట్టాయి. అవ్వ దానిని పక్కన పెట్టించి, రెండో వాయి మా చేతనే మళ్లీ మొదటి నుంచి చేయించింది. తాను చేసి పెట్టేసి ఉంటే పది నిమిషాలు కలిసివచ్చేది. అలా చేయనందుకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను. చేతులు తడిచేసుకొని ముద్దలు చుట్టి, మధ్యలో నెయ్యి పోసి, పితికిపప్పు పులుసుతో, ఊరిబిండితో తిన్నాము. సంగటి నమలకుండా మింగాలని ఆ ఇంటి పిల్లవాడు మా పిల్లలకు నేర్పాడు.

లోపాలు ఇక్కడా ఉన్నాయి. మాంసాహారులకు నాటుకోడి పులుసు వండడం నేర్పుతామని చెప్పి, ముందే వండి ఉంచినది వడ్డించారు. రుచికి వంక లేదు, కాని నేర్చుకున్నది లేదు. శాకాహారులకు వేరే పొయ్యి, వేరే గిన్నెలు, వేరే గరిటెలు ఉంచారు. ఆ విషయంలో ఎంతో శ్రద్ధ చూపారు. చేతులు కడుక్కోవడానికి ఒక్కటే కుళాయి ఉంది. కింద కూర్చోలేనివారికి రెండు కుర్చీలు మాత్రమే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు ముందే చెప్పి ఏర్పాటు చేయించుకోవాలి.

వీటన్నిటికంటే నన్ను బాధించినది చివర చేతికిచ్చిన కాగితం. తెలుగు ఇంట్లో, తెలుగు అవ్వ, తెలుగువాళ్లకు నేర్పిన వంటను పూర్తిగా ఇంగ్లీషులో అచ్చు వేసి ఇచ్చారు. అందులో ఊరిబిండి ‘వేరుశెనగ చట్నీ’ అయింది. అవ్వ చెప్పిన పిడికెడు, చిటికెడు, ‘ఎసరు పొంగినాక’ వంటి మాటలు కప్పులుగా, చెంచాలుగా, నిమిషాలుగా మారిపోయాయి. కట్టెల పొయ్యి మీద పన్నెండు నిమిషాలన్న లెక్కకు అర్థం లేదు. దూరప్రాంతాల యాత్రికుల కోసం ఇంగ్లీషు కాగితం ఉండవలసిందే. తెలుగు కాగితం కూడా ఉండాలి, అందులో అవ్వ మాట అవ్వ మాటగానే ఉండాలి. ఈ సంగతి కోడలికి చెప్పాను. ఆమె నోటు పుస్తకం తెచ్చి, మా ఎదుటే పితికిపప్పు పులుసు విధానం తెలుగులో రాసి ఇచ్చింది. ఆ పేజీని మేమందరం ఫోటో తీసుకున్నాము.

వెళ్లాలనుకునేవారికి నా సలహా ఒకటే. ఉదయపు నడకను వదులుకొని వంట తరగతి మాత్రమే అడగండి. విడిగా అయితే మనిషికి 1,000 రూపాయలని చెప్పారు, ఆ ధరకు అది న్యాయమైనది. ఎంతమందిని కలుపుతారో, మాంసాహారం మీ చేత వండిస్తారా లేదా అన్నవి ముందుగానే అడిగి, జవాబును సందేశంగా తెప్పించుకోండి. ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే బాగుంటుంది. ఇద్దరే వెళ్తే బేసినెడు గింజలు పితకలేరు, ఇరవై మంది వెళ్తే అవ్వ చేయి అందరి దాకా రాదు.

అనపకాయల కాలం ముగిశాక, ఎండాకాలంలో మామిడికాయ ఊరగాయ పెట్టడం నేర్పుతామని కోడలు చెప్పింది. కాయలు కోయడం నుంచి జాడీకి ఎత్తడం దాకా మా చేతనే చేయించాలనీ, పన్నెండు మందికి ఒక్కరు ఎక్కువైనా రామనీ చెప్పి, మే నెలలో ఒక ఆదివారానికి బయానా ఇచ్చి వచ్చాము.