భయాన్ని తుడిచేయడమా, దానికి ఎదురు నేర్పడమా: ఏది మేలు?

బెంగళూరులోని మారతహళ్లి వంతెన దగ్గర మా వదిన స్కూటర్‌ను నీళ్ల ట్యాంకర్ ఒరుసుకుంటూ పోయి ఏడాది దాటింది. మోకాలి గాయం నెలలోనే మానింది. ట్యాంకర్ హారన్ వినపడితే మాత్రం ఇప్పటికీ ఆమె అరచేతులు తడిసిపోతాయి. "ఈ భయాన్ని మందుతో తుడిచేయలేరా?" అని ఒకరోజు అడిగింది.

అడగదగ్గ ప్రశ్నే. హారనూ దెబ్బా ఒకే క్షణంలో కలిసినప్పుడు, మెదడులో భయాన్ని నేర్చుకునే భాగమైన అమిగ్డాలా కణాల్లో ఎన్ఎండీఏ గ్రాహకాలు (రసాయన సంకేతం అందితే తెరుచుకునే ద్వారాలు) తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. దాని వెంట కొత్త ప్రోటీన్లు తయారై, హారన్ కబురు మోసుకొచ్చే నాడీ సంధులు (నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు) బలపడతాయి. భయం అక్కడ ముద్రపడుతుంది.

ఆ ముద్రను కరిగించవచ్చని 2000లో నాడీశాస్త్రవేత్తలు కరీమ్ నాదర్, జోసెఫ్ లెడూల బృందం ఎలుకల్లో చూపింది. కరెంటు షాక్‌తో ముడిపడిన శబ్దాన్ని మళ్లీ వినిపించి, వెంటనే అమిగ్డాలాలో ప్రోటీన్ల తయారీని ఆపితే భయం తగ్గిపోయింది. శబ్దం వినిపించకుండా అదే మందు ఇస్తే తగ్గలేదు. అంటే, తలచుకున్నప్పుడు జ్ఞాపకం మెత్తబడి మళ్లీ గట్టిపడాలి. 2009లో మనస్తత్వ శాస్త్రవేత్త మెరెల్ కింట్ బృందం, రక్తపోటుకు వాడే ప్రొప్రనొలాల్ మాత్రతో మనుషుల్లోనూ ఇలాంటి ఫలితం చూసింది: షాక్ వస్తుందని వారికి తెలుసు, ఒళ్లు మాత్రం ఉలిక్కిపడలేదు. అద్భుతమైన సంగతి. కానీ తర్వాతి ప్రయోగాల్లో కొన్నిటిలో ఆ ఫలితం రాలేదు. పాత, బలమైన జ్ఞాపకాలు అంత సులువుగా మెత్తబడవు. పైగా ఉబ్బసం ఉన్నవారికి ఆ మందు ప్రమాదం. మా వదినకు ఉబ్బసం ఉంది.

రెండో దారి, నిపుణుల పర్యవేక్షణలో భయానికి కొద్దికొద్దిగా ఎదురెళ్లడం. ఇందులో మందు లేదు కాబట్టి మెదడులో ఏమీ మారదనుకోవడం పొరపాటు. దీనికీ ఎన్ఎండీఏ గ్రాహకాలు కావాలి, కొత్త ప్రోటీన్లు కావాలి. "హారన్ మోగినా ఏమీ కాలేదు" అనే మరో జ్ఞాపకం పుట్టి, మెదడు ముందుభాగం సాయంతో అమిగ్డాలాను అదుపు చేస్తుంది. లోపమూ ఇక్కడే ఉంది: పాతది చెరిగిపోదు. చోటు మారినా, చాలాకాలం గడిచినా తిరిగి తల ఎత్తవచ్చు. అందుకే ఒకే వీధిలో సాధన చేస్తే చాలదు.

తప్పించుకు తిరగడం మూడో దారి. అది వద్దని గట్టిగా చెబుతాను. కాలమే మాన్పుతుందంటారు గానీ, ఈ బెంగళూరులోనే నాడీశాస్త్రవేత్త సుమంత్ర చటర్జీ బృందం ఎలుకల్లో చూసింది వేరు. దీర్ఘకాల ఒత్తిడికి అమిగ్డాలా కణాల కొమ్మలు పెరిగాయి. 21 రోజుల విశ్రాంతి తర్వాతా అవి తగ్గలేదు.

నా ఓటు రెండో దారికే. వదిన ఇప్పుడు క్లినికల్ సైకాలజిస్టు చెప్పినట్టు ఆదివారం ఉదయాల్లో వంతెన దాకా వెళ్లి వస్తోంది. వచ్చే నెల నుంచి సాయంత్రాలు, ట్యాంకర్లు తిరిగే వేళకు.