పుంజు తల విదిలిస్తుంటే ముందు మందా, ముందు టార్చి లైటా?

"మా పుంజు పొద్దస్తమానం తల విదిలిస్తోంది, ఏ మందు వేయమంటారు?" ఇంట్లో కోళ్లను పెంచుకునేవాళ్లు ఈ మధ్య నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్క లేదు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నాను. పైగా రెండు నెలల క్రితం మా పుంజుకీ ఇదే వచ్చింది. నేను మొదట పట్టిన దారి తప్పని తేలింది, అదీ చెప్పాలి.

ముందు ఒక మాట. ప్రతి విదిలింపూ జబ్బు కాదు. నీళ్లు తాగాక ముక్కు మీది చుక్కలు దులుపుకుంటుంది. కొత్త వస్తువేదో కనిపిస్తే, ఉలిక్కిపడితే ఒకసారి తల ఝాడిస్తుంది. గింజ దొరికినప్పుడు దాన్ని ముక్కుతో ఎత్తి, పడేసి, మళ్లీ ఎత్తి, తలని పైకీ కిందికీ గబగబా ఆడిస్తూ కుక్ కుక్ మంటుంది చూశారా, అది పెట్టలను మేతకు పిలవటం. కొత్తగా పెంచేవాళ్లు అది చూసి కంగారుపడతారు, అక్కర్లేదు. నేను చెప్పేది మేతా నీళ్లూ ఏమీ లేకపోయినా నిమిషానికి రెండు మూడుసార్లు, రోజుల తరబడి అదే పనిగా విదిలించే పుంజు గురించి.

అలాంటప్పుడు మనం చేసేవి మామూలుగా నాలుగు: కొన్నాళ్లు ఆగి చూడటం, నీళ్లలో యాంటీబయాటిక్ కలపటం, పేల మందు చల్లటం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లటం. నాలుగింటికీ సమయం సందర్భం ఉన్నాయి. కానీ వాటిలో ఏది మేలో తేలాలంటే వాటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది: రాత్రి గూటి దగ్గర ఓ పావుగంట కూర్చోవటం.

ఎందుకంటే నా దృష్టిలో మొత్తం విషయాన్ని తేల్చేది ఒక్కటే. తల విదిలించేటప్పుడు చప్పుడు వస్తోందా, రావటం లేదా. దాంతోపాటు చిన్న తుమ్ము, గొంతులో గురగుర, ఊపిరిలో ఈలలాంటి శబ్దం వస్తుంటే అది ముక్కుదో గొంతుదో అయి ఉంటుంది, లోపల పేరుకున్నదాన్ని బయటికి నెట్టటానికి ఊపుతోంది. ఏ చప్పుడూ లేకుండా తల ఊపి, మధ్యమధ్యలో కాలితో చెవి దగ్గర గోక్కుంటూ, తలని భుజానికి రుద్దుకుంటుంటే చెవినో చర్మాన్నో అనుమానించాలి. రెండూ ఒకేసారి ఉండే పుంజులూ ఉంటాయి, అందుకే ఇది పరీక్షకు బదులు కాదు, కానీ ఎటువైపు వెతకాలో చెబుతుంది. పగలు ఈ తేడా పట్టుకోవటం కష్టం, చుట్టూ అన్ని చప్పుళ్లుంటాయి, అదీ ఒకచోట నిలబడదు. చీకటి పడ్డ గంటకి కోళ్లన్నీ గూట్లో పడుకునే కర్ర ఎక్కి సర్దుకున్నాక లైటు వేయకుండా పక్కన కూర్చుంటే ఊపిరి శబ్దం కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

మావాడి విషయంలో నేను ఇది చేయలేదు. తల ఊపుతున్నాడంటే జలుబే అనుకున్నాను, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఐదు రోజులు నీళ్లలో కలిపి ఇచ్చాను. ఏ మార్పూ లేదు, పైగా జుట్టు, అంటే తల మీది ఎర్ర తురాయి, రంగు పాలిపోతూ వచ్చింది. ఆరో రోజు రాత్రి టార్చి పట్టుకుని లోపలికి వెళ్లి కూర్చుంటే ఊపిరి శుభ్రంగా ఉంది, ఒక్క తుమ్ము లేదు. లైటు వేసి చూస్తే కర్ర గోడకు ఆనేచోట ఎర్రటి చుక్కలు కదులుతున్నాయి. చెవి మీది ఈకలు తీసి చూస్తే అక్కడా ఉన్నాయి. ఐదు రాత్రులు వాటిచేత రక్తం పీల్పించి నేను జలుబు మందు పోశానన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఈ ఎర్ర పురుగులు పగలు పక్షి మీద ఉండవు. గూటి పగుళ్లలో, కర్ర కింద దాక్కుని రాత్రి మాత్రమే వచ్చి రక్తం తాగి వెళ్లిపోతాయి. అందుకే "పొద్దున ఈకలన్నీ తీసి చూశాను, పేలు లేవు" అన్నంత మాత్రాన నేను ఒప్పుకోను. తెల్ల కాగితం కర్ర కింద గట్టిగా రుద్దండి, ఎర్రటి చారలు పడితే సంగతి తెలిసిపోయినట్టే. పక్షి మీదే ఉండిపోయే రకం పురుగులు, పేలు వేరే ఉంటాయి. అవి పగలూ దొరుకుతాయి, రెట్ట వేసేచోట ఈకల మొదళ్లు చూడాలి.

చెవి చూడటం కష్టం కాదు. కంటికి వెనక, కొంచెం కిందుగా చిన్న ఈకల కుచ్చు ఉంటుంది, దాన్ని వేలితో ముందుకు దువ్వితే రంధ్రం కనిపిస్తుంది. రెండు చెవులూ పోల్చి చూడండి. శుభ్రమైన చర్మం, కాస్త గులిమి ఉంటే ఫర్వాలేదు. ఒకవైపు వాపు, చెడు వాసన, పసుపుపచ్చటి గట్టి ముద్ద ఉంటే ఇన్ఫెక్షనే అనుకోవచ్చు, కోళ్లలో చీము మనలా కారదు, జున్నులా గడ్డకడుతుంది. దాన్ని పుల్లతోనో పిన్నుతోనో మీరు తవ్వొద్దు, కర్ణభేరి దగ్గరలోనే ఉంటుంది. పట్టుకునేటప్పుడు ఛాతీని బిగించకండి. కోళ్లకు మనలా ఊపిరితిత్తుల కింద కండర పొర ఉండదు, ఛాతీ ఎముక కదిలితేనే గాలి ఆడుతుంది, గట్టిగా నొక్కితే ఊపిరాడక చచ్చిపోవచ్చు కూడా.

సొంత కూతకే చెవులు నొప్పెట్టి తల ఊపుతుందేమో అని ఒకరు అడిగారు. అలా కాదు, పుంజు నోరు పూర్తిగా తెరిచినప్పుడు చెవి నాళం మూసుకుపోతుంది.

ఇక యాంటీబయాటిక్ వైపు నుంచి కూడా చెప్పాలి. కంటి మూల నురుగు, ముక్కు కారటం, ముఖం వాపు ఉండి చప్పుడు కూడా వస్తుంటే మందు కావాల్సిందే. కానీ ఏ మందు? మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, ముఖం ఉబ్బి దుర్వాసన వచ్చే కొరైజా జబ్బు ఉండొచ్చు, వైరస్ ఉండొచ్చు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మైకోప్లాస్మాకి మందుతో లక్షణాలు తగ్గినా అది పక్షిలో మిగిలిపోతుంది, మిగతా వాటికి అంటుతుంది. పైగా నలతగా ఉన్న పుంజు నీళ్లు తక్కువ తాగుతుంది, కాబట్టి నీళ్లలో కలిపిన మందు దానికి ఎంత అందిందో మీకు తెలియదు. మెడ చాచి నోరు తెరిచి గాలి కోసం ఆవులించినట్టు చేస్తుంటే శ్వాసనాళంలో పురుగులు కూడా ఉండొచ్చు, వానపాములు, నత్తలు తిన్నప్పుడు ఇవి లోపలికి చేరతాయి. దానికి నట్టల మందు కావాలి, యాంటీబయాటిక్ కాదు. అందుకే చప్పుడు ఉన్న కేసుల్లో నేను డాక్టరు వైపే మొగ్గుతాను.

మందు కొనేముందు గూట్లో ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని మీ ముఖం కోడి ఎత్తులో పెట్టి గాలి పీల్చండి. కళ్లు మండితే గూటి నేల మీద పరిచిన చెత్త తడిసి, దాంట్లోంచి వచ్చే అమోనియా వాయువే తుమ్ములకు కారణం కావొచ్చు. చెత్త మార్చి, గాలి ఆడేలా చేసి రెండు రోజులు చూడండి.

చప్పుడు లేక పురుగులు దొరికితే పేల మందు సరైనదే, అయితే పక్షికి వేసి ఊరుకుంటే లాభం లేదు. ఎర్ర పురుగుల ఇల్లు గూడు. మొత్తం ఖాళీ చేసి, పగుళ్లన్నీ తోమి కడిగి, ఆరాక మందు కొట్టాలి. గుడ్ల మీద మందు అంతగా పనిచేయదు, కాబట్టి వారానికి మళ్లీ కొట్టాలి. గూడు ఖాళీగా ఉంచితే చస్తాయనుకోకండి, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. మీ ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు విషయంలో చాలా జాగ్రత్త, పిల్లులకు అది విషం. మావాడికి గూడు రెండుసార్లు శుభ్రం చేశాక పదో రోజుకల్లా విదిలింపు ఆగింది, జుట్టు ఎరుపు రావటానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

ఆగి చూడటం ఒకటి రెండు రోజులకైతే సరే, అదీ మేత తింటూ, కూస్తూ, తోక నిలబెట్టి తిరుగుతుంటేనే. చెవిలో నూనె చుక్కలు నేను వద్దంటాను, కర్ణభేరికి దెబ్బ తగిలి ఉంటే ఇంకా ముదురుతుంది. విటమిన్ల మాట మెడ వంకర తిరిగినప్పుడు వస్తుంది, మామూలు విదిలింపుకి దానితో పని లేదు.

మెడ మెలితిరగటం, పచ్చటి రెట్ట, కాళ్లు రెక్కలు పడిపోవటం, నోటితో ఊపిరి పీల్చటం, ఒకేసారి రెండు మూడు కోళ్లు పడకేయటం, వీటిలో ఏది కనిపించినా టార్చి పక్కన పెట్టి, దాన్ని విడిగా ఉంచి, అప్పటికప్పుడు డాక్టరుకి చెప్పండి. కొక్కెర తెగులు కావొచ్చు, అది మొత్తం కోళ్ల మందను చుట్టేస్తుంది. వెళ్లేటప్పుడు రాత్రి తీసిన వీడియో తీసుకెళ్లండి, శబ్దంతో సహా. డాక్టరు ముందు బల్ల మీద పెడితే చాలా పుంజులు భయంతో కదలకుండా నిలబడిపోతాయి, ఒక్కసారి కూడా తల ఊపవు.